గ్రంథి లేని లోటు మాత్ర తీర్చాలి

మా పెద్ద ఆపాకు మెడలోని థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తొలగించి అప్పటికి ఐదు నెలలు గడిచాయి. పరీక్షకు పంపిన గడ్డ పాపిల్లరీ రకం క్యాన్సర్‌గా తేలింది. అయితే అది గ్రంథిని దాటి వెళ్ళలేదని, రేడియో అయోడిన్ చికిత్స కూడా అవసరం లేదని శస్త్రవైద్యుడు చెప్పడంతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకున్నాం. ఆ తరువాత బక్రీద్‌కు నేను గుంటూరు వెళ్ళాను. తలుపు తీసిన ఆపాను చూసి ఒక్క క్షణం తడబడ్డాను. ముఖం ఉబ్బి ఉంది. కళ్ళ కింద సంచులు కట్టాయి. గొంతు బొంగురుపోయి, మాట నిదానంగా వస్తోంది. ఉక్కపోతకు మేమందరం ఫ్యాను కింద చేరితే ఆమె మాత్రం శాలువా కప్పుకుని వెనక గదిలో కూర్చుంది.

పండుగకు వచ్చిన బంధువులు తలా ఒక మాట అన్నారు. "కూర్చోబెట్టి తినిపిస్తున్నారు కదా, బాగా ఒళ్ళు చేసింది" అని ఒక ఖాలా నవ్వింది. "ఆ థైరాయిడ్ మాత్రలు వేసుకుంటే అంతేనమ్మా, లావెక్కిస్తాయి. మెల్లగా మానెయ్" అని మరొకరు సలహా ఇచ్చారు. ఆపా ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నా పక్కన చేరి, "నాకు మీరెవరూ చెప్పడం లేదు గానీ, జబ్బు తిరగబెట్టిందా?" అని అడిగింది. ఐదు నెలల్లో ఐదు కిలోలు పెరిగిందట. అంతకు ముందెన్నడూ లేని రక్తపోటు ఇప్పుడు 150/100 చూపిస్తోందట. వీధి చివరి డాక్టరు బి.పి. మాత్ర రాసిచ్చాడు. అదీ వాడుతోంది, అయినా కింది అంకె దిగడం లేదు.

మర్నాడు ఉదయం జవాబు నా కళ్ళ ముందే కనిపించింది. నాస్తా అయ్యాక ఆపా అరచేతిలో మూడు మాత్రలు పోసుకుంది. ఒకటి థైరాయిడ్‌ది, రెండోది కాల్షియం, మూడోది బి.పి.ది. మూడింటినీ ఒకేసారి నోట్లో వేసుకుని వేడి చాయ్‌తో మింగింది. ఎందుకలా అని అడిగితే, "విడివిడిగా అయితే మరిచిపోతాను. ఇలాగైతే ఒక్కసారితో పని అయిపోతుంది" అంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చీటీ మీద మందుల పేర్లు రాశారే గాని, ఏది ఎప్పుడు వేసుకోవాలో, దేనితో దేన్ని కలపకూడదో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ వారమే చేయించిన రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 19 వచ్చింది. ఉండవలసినది రెండుకు లోపు. ఆపా రోజూ మాత్ర మింగుతూనే ఉంది, కాని అందులో సగమైనా ఒంటికి పట్టడం లేదు.

ఇలాంటి స్థితి మా ఇంటికే పరిమితమని నేను అనుకోను. థైరాయిడ్ క్యాన్సర్ పురుషులలో కన్నా స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఇల్లు నడిపే వయసులోని స్త్రీకే తరచుగా వస్తుంది. పాపిల్లరీ రకం సకాలంలో తొలగిస్తే ప్రాణభయం చాలా తక్కువ కాబట్టి, ఆపరేషన్ కాగానే ఇంట్లో అందరూ కథ ముగిసిందనుకుంటారు. నిజానికి ఆమెకు ఆ రోజు నుంచే ఒక కొత్త దినచర్య మొదలవుతుంది.

మెడలో ఉన్నది ఏమి చేసేది?

పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అని పిలిచే ఈ అవయవం గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో, 20 గ్రాముల అటూఇటూ బరువుతో ఉంటుంది. అది తయారుచేసే హార్మోన్లలో ప్రధానమైనది థైరాక్సిన్. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, రక్తనాళాలు ఎంత వదులుగా ఉండాలి, తిన్నది ఎంత వేగంగా శక్తిగా మారాలి, శరీరం ఎంత వెచ్చగా ఉండాలి అనే విషయాలన్నిటా దాని ప్రమేయం ఉంది. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి రక్తంలో థైరాక్సిన్ ఎంత ఉందో కనిపెట్టి చూస్తుంటుంది. తక్కువైతే టి.ఎస్.హెచ్. అనే మరో హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, ఇంకా తయారుచేయమని థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. అందుకే టి.ఎస్.హెచ్. పెరిగిందంటే థైరాక్సిన్ చాలడం లేదని, బాగా తగ్గిందంటే అది ఎక్కువవుతోందని అర్థం. ఈ తిరకాసు తెలియక రిపోర్టులో అంకె పెద్దదిగా ఉంటే మాత్ర ఎక్కువైందనుకునేవారు ఎందరో ఉన్నారు.

గ్రంథిని పూర్తిగా తీసివేశాక పీయూష గ్రంథి ఎంత తొందరపెట్టినా పలికేవారు లేరు. ఆ పనంతా మాత్రే చేయాలి. లీవోథైరాక్సిన్ అనే ఈ మాత్రను గ్రంథి పూర్తిగా లేనివారికి శరీర బరువు ప్రకారం కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదలుపెడతారు. 62 కిలోల మనిషికి దాదాపు 100 మైక్రోగ్రాములు. గ్రాములో పదివేలవ వంతు! ఇంత సూక్ష్మమైన మోతాదులో పాతిక మైక్రోగ్రాములు ఒంటికి పట్టకపోయినా శరీరం తేడా చూపిస్తుంది.

ఈ గ్రంథి లేకపోతే మనిషి ఏమవుతాడో వైద్యలోకం మొదట తెలుసుకున్నది చాలా బాధాకరంగా. స్విట్జర్లాండ్ కొండప్రాంతాలలో అయోడిన్ లోపం వల్ల గొంతువాపు విస్తారంగా ఉండేది. బెర్న్ నగరపు శస్త్రవైద్యుడు థియోడోర్ కోఖర్ ఆ వాపు గ్రంథులను ఎంతో నేర్పుతో తొలగించేవాడు. 1883లో, తాను గ్రంథిని పూర్తిగా తీసివేసినవారు తరువాత ఎలా ఉన్నారో చూద్దామని తిరిగి పిలిపించాడు. చాలామంది ముఖాలు ఉబ్బి, మాట మందగించి, చలికి వణుకుతూ, బుద్ధి మసకబారి వచ్చారు. చిన్నతనంలో ఆపరేషన్ జరిగిన ఒక బాలిక ఎదుగుదల ఆగిపోయి, తనకన్నా చిన్నదైన చెల్లెలి కంటే పొట్టిగా మిగిలిపోయింది. తన చేతి పనే ఈ దుస్థితికి కారణమని గ్రహించిన కోఖర్ ఆ మీదట గ్రంథిని పూర్తిగా తీసివేయడం మానుకున్నాడు, చూసినదాన్ని దాచకుండా ప్రకటించాడు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

విరుగుడు ఇంగ్లండులో దొరికింది. 1891లో న్యూకాసిల్ వైద్యుడు జార్జ్ ముర్రే, థైరాయిడ్ పనిచేయక ఉబ్బిపోయిన ఒక స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుంది. తరువాత అదే మందును నోటి ద్వారా తీసుకుంటూ మరో 28 ఏళ్ళు జీవించింది. 1914 డిసెంబరు 25న అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశాడు. పదమూడేళ్ళ లోపే దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం సాధ్యమైంది. ఈ చరిత్ర ఎందుకంటే, మన పాఠకులలో కొందరికి ఒక సందేహం ఉంది. అమెరికా వంటి దేశాలలో ఎండబెట్టిన పంది థైరాయిడ్ పొడితో చేసిన మాత్రలు కూడా అమ్ముతారు. అక్కడ ఉండే మన పిల్లలు డాక్టరు రాసిన మందు పేరు చూసి, అది ఏ రకమో అడిగి తెలుసుకోవడం మంచిది. మన మందుల దుకాణాలలో ఎల్ట్రాక్సిన్, థైరోనార్మ్ వంటి పేర్లతో దొరికే లీవోథైరాక్సిన్ మాత్రం రసాయనాల నుంచి తయారైన మందు. జంతువు గ్రంథి నుంచి తీసినది కాదు.

రక్తపోటు రెండు దారుల్లో పెరుగుతుంది

ఆపాకు బి.పి. మాత్ర ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చూద్దాం. థైరాక్సిన్ తగినంత ఉన్నప్పుడు సన్నని రక్తనాళాల గోడలు వదులుగా ఉంటాయి. అది తగ్గితే అవి బిగుసుకుంటాయి. గుండె నెమ్మదిగా, బలహీనంగా కొట్టుకున్నా బిగిసిన నాళాలలో ఒత్తిడి మిగిలే ఉంటుంది. అందువల్ల ముఖ్యంగా కింది అంకె పెరుగుతుంది. ఆపా నాడి నిమిషానికి 56 మాత్రమే ఉంది, కింది అంకె 100. నాడి మందగించి, కింది అంకె పెరిగి, చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బు తోడైనప్పుడు బి.పి. మందు ఒక్కటే జవాబు కాదని ఎవరైనా గమనించి ఉంటే రెండు నెలల ముందే టి.ఎస్.హెచ్. పరీక్ష జరిగేది. దీనితోపాటు కొలెస్టరాల్ కూడా పెరుగుతుంది. ఆమె రిపోర్టులో అదీ ఉంది.

రెండో దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. మాత్ర మోతాదు ఎక్కువైతే రక్తనాళాలు అతిగా వదులవుతాయి, గుండె వేగం పుంజుకుంటుంది. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గవచ్చు. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. అలాగే కొనసాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ముట్లుడిగిన స్త్రీలలో ఈ ప్రమాదం ఎక్కువ.

ఇక్కడ క్యాన్సర్ రోగుల విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. టి.ఎస్.హెచ్. థైరాయిడ్ కణాలను ఎదగమని ప్రోత్సహిస్తుంది. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలి ఉంటే వాటినీ ప్రోత్సహించగలదు. అందుకే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు తెలిసే మోతాదు కొంచెం పెంచి, టి.ఎస్.హెచ్.ను 0.1కి లోపుగా అణచి ఉంచుతారు. ప్రమాదం మధ్యస్థంగా ఉంటే 0.1 నుంచి 0.5 వరకు, తక్కువగా ఉంటే 0.5 నుంచి 2 వరకు ఉంచడం సాధారణ లక్ష్యం. వయసు, గుండె, ఎముకల పరిస్థితిని బట్టి ఇవి మారుతాయి. కాబట్టి పక్కింటి థైరాయిడ్ రోగి రిపోర్టుతో మన రిపోర్టును పోల్చుకోవడంలో అర్థం లేదు. ఆమెకు గ్రంథి ఉండి మందగించి ఉండవచ్చు, మనకు గ్రంథే లేదు. మన లక్ష్యం ఎంత అన్నది మన వైద్యుణ్ణి అడిగి, ఆ అంకెను రిపోర్టుల ఫైలు అట్ట మీద రాసుకోవాలి. వేరే ఊళ్ళో మరో డాక్టరు చూసి, "టి.ఎస్.హెచ్. మరీ తక్కువగా ఉంది" అని మోతాదు తగ్గించబోయినప్పుడు ఆ అట్ట మీది అంకె పనికొస్తుంది.

రక్తపోటు మారడానికి మందు మోతాదుతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. ఆసుపత్రిలో ఎక్కించిన సెలైన్, నొప్పి, భయం వల్ల మొదటి రోజుల్లో అంకెలు పెరగడం మామూలే. వాటిని చూసి జీవితాంతపు రక్తపోటు అని తీర్మానించకూడదు. థైరాయిడ్ వెనుక బియ్యపుగింజంత పరిమాణంలో సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఆపరేషన్‌లో అవి దెబ్బతిన్నా, కొంతకాలం సొమ్మసిల్లినా రక్తంలో కాల్షియం పడిపోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండటం, కండరాలు పట్టేయడం దీని గుర్తులు. కాల్షియం బాగా పడిపోతే రక్తపోటు కూడా తగ్గవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఆ గుర్తులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మరోవైపు, పరీక్షలు లేకుండా కాల్షియం, విటమిన్ డి మాత్రలను ఏళ్ళ తరబడి మింగితే కాల్షియం మితిమీరి రక్తపోటు పెరగడమే కాక మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడవచ్చు.

అరుదైనా చెప్పక తప్పనిది ఒకటుంది. మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుంది. వారిలో కొందరికి మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులలోనూ కణితి ఉండవచ్చు. ఉన్నట్టుండి రక్తపోటు ఆకాశానికి ఎగరడం, విపరీతమైన తలనొప్పి, గుండెదడ, చెమటలు దాని లక్షణాలు. ఆ కణితి ఉందో లేదో మెడ ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. ఉంటే ముందుగా దానికి చికిత్స జరగాలి. రిపోర్టులో మెడుల్లరీ అనే మాట ఉంటే రోగి పిల్లలకు, తోబుట్టువులకు జన్యుపరీక్ష గురించి వైద్యుణ్ణి అడగడం వారి పట్ల మన బాధ్యత. ఇక రేడియో అయోడిన్‌కు లొంగని ముదిరిన జబ్బుకు లెన్‌వాటినిబ్ వంటి మాత్రలు ఇస్తారు. అవి వాడేవారిలో సగానికి మించి రక్తపోటు పెరుగుతుంది, బరువు మాత్రం తగ్గుతుంది. అలాంటివారు ఇంట్లో బి.పి. చూసుకుంటూ ఎప్పటికప్పుడు వైద్యునికి తెలపాలి.

ఇంట్లో బి.పి. చూసుకోవడంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. బురఖా చేతి మీదనో, నిండుచేతుల జాకెట్టు మీదనో పట్టీ చుట్టేస్తారు. మందమైన బట్ట మీద చుడితే అంకె నమ్మదగినది కాదు. ఆసుపత్రిలో మొహమాటపడి ఊరుకోకుండా స్త్రీ సిబ్బందిని, తెరను అడగవచ్చు. ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుని, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అరగంట ముందు చాయ్ తాగి ఉండకూడదు. ఇంట్లో చూసినప్పుడు మళ్ళీమళ్ళీ 135/85 దాటుతుంటే వైద్యునికి చూపించాలి. నాడి అంకెనూ పక్కనే రాసుకోవాలి. ఆపా విషయంలో గుట్టు విప్పింది ఆ అంకే.

బరువులో గ్రంథి వాటా ఎంత?

ఆపాకు పెరిగిన ఐదు కిలోలలో కొంత కొవ్వు కాదు, నీరు. థైరాక్సిన్ తగ్గినప్పుడు నీటిని పట్టి ఉంచే జిగురువంటి పదార్థాలు చర్మం కింద పేరుకుంటాయి. ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం వాటివల్లే. ఇది సోమరితనం కాదు, తిండిపోతుతనం అంతకన్నా కాదు. మోతాదు సరిపడితే ఈ భాగం వారాల్లో దిగుతుంది. ఆ మాట చెప్పగానే ఆపా కళ్ళు తుడుచుకుంది. ఐదు నెలలుగా ఆమె ఒక పూట భోజనం మానేసి, అయినా బరువు పెరుగుతుంటే తనను తానే నిందించుకుంటూ వచ్చింది.

అయితే నిజం మరో వైపు కూడా చెప్పాలి. మోతాదు సరిగా అందుతున్నవారిలో థైరాయిడ్ తొలగింపు తరువాత పెరిగే బరువు సగటున ఒకటి, రెండు కిలోలకు మించడం లేదు. పది, పదిహేను కిలోలు పెరిగితే ఆ భారమంతా లేని గ్రంథి మీద మోపడం న్యాయం కాదు. నెలల తరబడి విశ్రాంతి, పరామర్శకు వచ్చినవారు తెచ్చే మిఠాయి, దిగులుతో చెడిన నిద్ర, నలభై దాటిన వయసు కూడా లెక్కలోకి వస్తాయి. టి.ఎస్.హెచ్. సరిగ్గా ఉండి కూడా బరువు పెరుగుతుంటే చూడవలసినది మాత్రల సీసా వైపు కాదు. రోజూ అరగంట, ముప్పావు గంట నడక, పళ్ళెంలో అన్నం తగ్గించి కూర పెంచడం, ఊరగాయ, అప్పడాలలోని ఉప్పును గమనించడం వంటి పాత మాటలే ఇక్కడా చెల్లుతాయి. ఉప్పు తగ్గిస్తే రక్తపోటుకూ మేలు.

ఆ రోజుల్లోనే ఆపా అడిగింది, "రోజుకు రెండు మాత్రలు వేసుకుంటే తొందరగా తగ్గనా?" అని. ఈ ఆలోచన చాలామందికి వస్తుంది, కొందరు చేస్తారు కూడా. సన్నబడటానికి ఈ మందు వాడరాదన్న హెచ్చరికను అమెరికాలో మందు పత్రం మీద గడికట్టి మరీ ముద్రిస్తారు. అదనపు మాత్రతో పోయే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. దానికి చెల్లించే మూల్యం గుండె, ఎముకలు.

రేడియో అయోడిన్ తీసుకోవలసినవారికి మరో దశ ఉంది. ఆ చికిత్సకు టి.ఎస్.హెచ్. బాగా పెరగాలి కాబట్టి కొందరికి మూడు, నాలుగు వారాలు థైరాక్సిన్ మాత్ర ఆపుతారు. ఆ వారాల్లో బద్ధకం, ఉబ్బు, బరువు, కింది అంకె పెరగడం అనివార్యం. ముందే చెప్పి ఉంచితే ఇంట్లోవారు వంటా పనీ పంచుకుంటారు. మాత్ర ఆపకుండానే టి.ఎస్.హెచ్. పెంచే సూదిమందు కూడా ఉంది, కాని ఖరీదెక్కువ.

జబ్బు తిరగబెట్టిందా అన్న ఆపా ప్రశ్నకు జవాబు బరువు తూచే యంత్రం ఇవ్వదు. గ్రంథి పూర్తిగా తీసినవారిలో థైరోగ్లోబ్యులిన్ అనే రక్తపరీక్ష, మెడకు అల్ట్రాసౌండ్ ఆ సంగతి చెబుతాయి. ఆపాకు రెండూ చేయించాం. రెండూ నిర్మలంగా ఉన్నాయి.

ఫజ్ర్ నుంచి చాయ్ దాకా

ఈ మాత్రను ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. అవి పేగులో థైరాక్సిన్‌ను పట్టుకుని లోపలికి పోనివ్వవు. గ్యాస్ మాత్రలు, కాఫీ, సోయా కూడా అడ్డు తగులుతాయి. సీసాను పొయ్యి గట్టు పక్కన, కిటికీ ఎండలో పెట్టకూడదు. వేడికి, తేమకు ఈ మందు సత్తువ కోల్పోతుంది. ఒకే కంపెనీ మందును కొనసాగించడం మేలు. మార్చవలసి వస్తే ఆరు వారాలకు పరీక్ష చేయించాలి. మోతాదు మార్చినా అంతే, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, అందుకే పది రోజులకే ఫలితం చూడబోతే నిరాశ తప్పదు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. అవి కొన్ని ప్రయోగశాలల్లో అంకెలను తప్పుదారి పట్టిస్తాయి.

నియమాలు వినగానే ఆపా బెంగపడింది. కాని ఆమె దినచర్యలోనే దీనికి చోటుంది. ఫజ్ర్‌కు లేచిన వెంటనే నీళ్ళతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, వుజూ చేసి, నమాజు, ఖురాన్ పారాయణం ముగించేసరికి గంట దాటుతుంది. అప్పుడు చాయ్. కాల్షియం మధ్యాహ్న భోజనంతో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి.

రమజాన్‌లో ఈ లెక్క మారుతుంది. సహరీకి గంట ముందు లేచి మాత్ర వేసుకోవడం కొందరికి సాధ్యం. అలా కుదరనివారు ఇఫ్తార్, రాత్రి భోజనం ముగిసి మూడు, నాలుగు గంటలయ్యాక, తరావీహ్ తరువాత పడుకునే ముందు వేసుకోవచ్చు. రాత్రివేళ వేసుకున్నా ఈ మందు బాగా ఒంటికి పడుతుందని పరిశోధనలు చూపాయి. అయితే తరావీహ్ నుంచి వస్తూ హలీమ్ తిన్నవారికి ఆ ఖాళీ కడుపు లెక్క చెల్లదు! ఏ వేళ ఎంచుకున్నా నెలంతా ఒకే వేళ పాటించాలి. రమజాన్‌కు ముందు ఒకసారి, తరువాత ఆరు వారాలకు మరొకసారి టి.ఎస్.హెచ్. చూపించుకోవాలి. ఆపరేషన్ అయి కొద్ది వారాలే అయినవారు, కాల్షియం ఇంకా నిలకడగా లేనివారు, రేడియో అయోడిన్ కోసం మాత్ర ఆపినవారు ఉపవాసం విషయంలో వైద్యుణ్ణి సంప్రదించాలి. రోగికి ఆ ఉపవాసాలను వేరే రోజుల్లో పూర్తిచేసుకునే సౌలభ్యం ఖురాన్‌లోని అల్ బఖర సూరాలోనే ఉంది.

మాత్రలను విడదీసిన ఆరు వారాలకు ఆపా టి.ఎస్.హెచ్. 4కు దిగింది. వైద్యుడు మోతాదును కొద్దిగా సవరించాడు. నాలుగో నెలకు అది 1.2. నాడి 72కు వచ్చింది, రక్తపోటు 126/82. బి.పి. మాత్రను మొదట సగం చేసి, తరువాత వైద్యుడే ఆపించాడు. ఐదు కిలోలలో మూడున్నర పోయాయి. తక్కిన ఒకటిన్నర పోలేదు. ఆపా కుర్తాల పక్క కుట్లు విప్పించి వదులు చేయించుకుంది. గొంతు మునుపటిలా తేరుకుంది, మొన్న ఫోనులో మాట్లాడుతూ తనే ఆ ఖాలాకు ఫోన్ చేసి సంగతంతా వివరించానని చెప్పింది. వచ్చే పరీక్ష తేదీ వంటింట్లో క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది.